నైట్ షిఫ్టు, ఆదివారం పూజ, టైమ్‌షీటు: నగరంలో కతోలికుడిగా బతకడం గురించి

గుంటూరు జిల్లా పల్లెలో గుడి గంట వింటూ పెరిగి, ఇప్పుడు గచ్చిబౌలిలో అమెరికా క్లయింటు కోసం రాత్రిళ్లు పనిచేస్తున్న మీరు నాలుగు విషయాలు అడిగారు. ఆదివారం డ్యూటీ పడినప్పుడు యూట్యూబ్‌లో పూజ (మాస్) చూస్తే సరిపోతుందా, ఆఫీసులో ఆయుధపూజ జరుగుతుంటే ఎలా మసలుకోవాలి, జపాలకు సమయం ఎక్కడి నుంచి తేవాలి, తోటివాళ్లందరూ ఆడే చిన్నచిన్న అబద్ధాలు మనకు కూడా పాపమేనా. చివరి ప్రశ్నను మీరు ఒక్క వాక్యంలో, పోతూ పోతూ అడిగినట్టు అడిగారు. నా జవాబులో ఎక్కువ భాగం మాత్రం దానికే పోతుంది.

నేను గురువును (ఫాదర్‌ను) కాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన గృహస్థుణ్ణి. సికింద్రాబాద్‌లోని ఒక విచారణలో (పారిష్‌లో) చాలాకాలంగా యువతకు సత్యోపదేశ తరగతులు, పెళ్లి కుదిరిన జంటలకు శిక్షణ తరగతులు చెబుతున్నాను. అక్కడికి వచ్చే ఐటీ పిల్లల్లో నాకు పదేపదే కనిపించేది ఒకటుంది. శ్రీసభ (కతోలిక సంఘం) మెత్తగా ఉన్న చోట వాళ్లు వణికిపోతుంటారు, శ్రీసభ గట్టిగా నిలదీసే చోట తమకు సంబంధం లేనట్టు దాటిపోతుంటారు. మీ ఉత్తరంలో కూడా ఆ ఛాయ ఉంది కాబట్టి ముందుగా భయాలు తీర్చి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

ఆదివారం పూజలో పాల్గొనడం బాధ్యత అని 1983 నాటి శ్రీసభ చట్టంలో 1247వ సూత్రం చెబుతుంది. ఇది అందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్న 1248వ సూత్రాన్ని మాత్రం మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఆదివారం నాడు ఏ వేళనైనా, లేదా ముందురోజు శనివారం సాయంత్రమైనా, ఏ కతోలిక రీతిలో జరిగే పూజలో పాల్గొన్నా ఆ బాధ్యత తీరినట్టేనని అది చెబుతుంది. అంటే మీరు ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఇంటికి చేరి కళ్లు మూతలు పడుతుండగా ఎనిమిది గంటల తెలుగు పూజకే పరుగెత్తాలని ఎవరూ అనడం లేదు. నిద్రపోయి లేచి సాయంత్రం పూజకు వెళ్లండి. అది ఇంగ్లీషులో జరిగినా, తమిళంలో జరిగినా, దగ్గర్లోని కేరళ కతోలికుల సీరో మలబార్ గుడిలో మలయాళంలో జరిగే కుర్బానా (వాళ్ల పూజ) అయినా లోటేమీ లేదు. భాష అర్థం కాకపోతే ఆనాటి సువిశేష (సువార్త) పఠనాన్ని ముందుగా ఫోనులో తెలుగులో చదువుకొని వెళ్లండి.

యూట్యూబ్ పూజ మాత్రం ఈ బాధ్యతను తీర్చదు. 2020లో కోవిడ్ వల్ల గుడులు మూతపడినప్పుడు పీఠాధిపతులు (బిషప్పులు) ఆదివారపు బాధ్యతను తాత్కాలికంగా తొలగించారు. ఆ రోజుల్లో తెర మీద చూసిన పూజ ప్రార్థనకు ఆసరాగా నిలిచిందే తప్ప పూజలో పాల్గొనడానికి బదులు కాలేదు. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు (జ్ఞానస్నానం, సత్ప్రసాదం లాంటివి) ఉండవని వాటికన్‌లోని సమాచార సాధనాల మండలి 2002లోనే స్పష్టంగా రాసింది. దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) స్వీకరించేది, పక్కవాడి చేయి పట్టుకొని సమాధానం (శాంతి) పలికేది శరీరంతోనే కదా. మంచానపడిన మీ నాయనమ్మ టీవీలో పూజ చూడటం వేరు, ఆరోగ్యంగా ఉన్న మీరు పడక మీద ఫోను ఆనించుకొని చూడటం వేరు. ఆమెకు గురువు ఇంటికే దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లగలరు.

నిజంగా వీలుపడని ఆదివారాలు ఉంటాయి. జ్వరం వచ్చిన పసిబిడ్డను చూసుకునే తల్లికి, ఐసీయూలో డ్యూటీ పడిన నర్సుకు పూజ తప్పినందుకు పాపం అంటదు. తీవ్రమైన కారణం ఉన్నవారిని మినహాయిస్తూ సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధల సంకలనం) 2181వ పేరాలో ఈ సంగతి ఉంది. మీ షిఫ్టు వరసగా ఆదివారాల్లోనే పడుతూ ఉంటే మీ విచారణ గురువుకు చెప్పండి. న్యాయమైన కారణం ఉన్నప్పుడు ఆ బాధ్యత నుంచి మినహాయించే అధికారం, లేదా దాని బదులు మరో భక్తికార్యం చెప్పే అధికారం 1245వ సూత్రం ఆయనకు ఇచ్చింది. అడగడానికి మొహమాటపడకండి. అంతకంటే ముందు మీ టీమ్‌లో షిఫ్టు మార్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించండి. సంక్రాంతికీ దసరాకూ ఊరెళ్లాలనుకునే హిందూ మిత్రుడి డ్యూటీ మీరు చేస్తానంటే, ఈస్టర్ నాడు మీ డ్యూటీ అతను సంతోషంగా చేస్తాడు.

రాత్రి రెండు గంటలకు ఆఫీసు క్యాంటీన్‌లో తిన్నాను కాబట్టి ఉదయం సత్ప్రసాదం తీసుకోలేకపోయానని రాశారు. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది మీ నాయనమ్మ చిన్ననాటి నియమం. 1957లో పన్నెండవ భక్తినాథ (పయస్) పోపు దాన్ని మూడు గంటలకు తగ్గించారు, 1964లో ఆరవ పౌలు పోపు ఒక గంటకు తగ్గించారు. సత్ప్రసాదం స్వీకరించడానికి గంట ముందు నుంచి తినకుండా ఉంటే చాలు. మంచినీళ్లు, మందులు లెక్కలోకి రావు. ఇక శుక్రవారం టీమ్ లంచ్ సంగతి. విభూది బుధవారం (ఈస్టర్ ముందు తపఃకాలం మొదలయ్యే రోజు), శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఈ రెండు రోజుల్లో మీ వయసువారికి ఉపవాసం, మాంసం మానడం రెండూ తప్పనిసరి. మిగిలిన శుక్రవారాలు కూడా తపస్సు రోజులే. ఆ తపస్సును ఏ రూపంలో చేయాలో నిర్ణయించే వెసులుబాటు పీఠాధిపతుల సమాఖ్యలకు ఉంది కాబట్టి మీ విచారణలో పాటిస్తున్న పద్ధతిని అనుసరించండి. హైదరాబాద్‌లో నలుగురు చికెన్ బిర్యానీ తింటుంటే మధ్యలో కూర్చొని వెజ్ బిర్యానీ తినడం ఎలా చూసినా తపస్సే.

ఆయుధపూజ గురించి మీ ప్రొటెస్టెంట్ రూమ్మేట్ ఒకటి చెప్పాడు, మేనేజరు ఇంకొకటి అన్నాడు, మీరు ఆ రోజు సెలవు పెట్టి తప్పించుకున్నారు. సెలవు పెట్టాల్సిన అవసరం లేదు. ఇతర మతాల్లో సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ శ్రీసభ తోసిపుచ్చదని ప్రపంచ పీఠాధిపతుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. తోటివారి పండుగ రోజున మర్యాదగా నిలబడటం, వాళ్లకు శుభాకాంక్షలు చెప్పడం, ముగ్గు వేయడంలోనో పూలు కట్టడంలోనో సాయపడటం విశ్వాసానికి ద్రోహం కాదు. ఆరాధనలో మీరే కర్తగా పాల్గొనడం, అంటే మీ చేత్తో హారతి ఇచ్చి మొక్కడం మాత్రం వేరు. దానికి మర్యాదగా "మీరు కానివ్వండి అన్నా" అని ఒక అడుగు వెనక నిలబడితే సరిపోతుంది. నా అనుభవంలో దీన్ని ఎవరూ తప్పుపట్టరు. తప్పించుకు తిరిగేవాణ్ణే అందరూ గమనిస్తారు.

ప్రసాదం విషయంలో పునీత పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 8, 10 అధ్యాయాలు ఒకసారి నింపాదిగా చదవండి. విగ్రహానికి అర్పించిన ఆహారం దానంతటదిగా మనిషిని ఏమీ చేయదంటాడు. కానీ నేను తినడం చూసి మరొకరి మనస్సాక్షి గాయపడుతుంటే మానేస్తానంటాడు. ఎదుటివాడి గురించిన ఈ ఆలోచనే కొలమానం. ప్రేమతో ఇచ్చిన లడ్డూను చెత్తబుట్టలో వేసి రావడం పౌలు బోధలో ఎక్కడా లేదు. గుణదల మరియమాత గుడిలో తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయలు కొట్టే మన జనం ఆచారాలను చూసి పక్కవాళ్లు మనల్ని కూడా ఇలాగే అనుమానించిన రోజులున్నాయి.

ఇక మీరు పోతూ పోతూ అడిగిన ప్రశ్న. విశ్వాసానికీ దైనందిన జీవితానికీ మధ్య ఏర్పడిన చీలికను ఈ కాలపు తీవ్రమైన పొరపాట్లలో ఒకటిగా రెండవ వాటికన్ మహాసభ పేర్కొంది. ఆ చీలిక మీ జీవితంలో ఎక్కడుందని వెతికితే, తప్పిపోయిన ఆదివారాల్లో కంటే శుక్రవారం సాయంత్రం నింపే టైమ్‌షీటులో అది స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఆ టైమ్‌షీటును కాస్త దగ్గర నుంచి చూద్దాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఎనిమిది గంటలు, ప్రాజెక్టు కోడు, సబ్మిట్. గురువారం నిజంగా చేసిన పని మూడు గంటలే అయినా అక్కడ ఎనిమిదే ఉంటుంది, ఆ ఎనిమిదికీ క్లయింటు దగ్గర డబ్బు వసూలవుతుంది. పని లేక ఖాళీగా ఉన్నా పని కోసం అందుబాటులో ఉండటానికే జీతమిచ్చే ఒప్పందమైతే మీ తప్పు లేదు. చేసిన గంటలకే బిల్లు వేసే ఒప్పందమైతే అది ఎదుటివాడి జేబులోంచి తీసిన డబ్బు. అలాగే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్ట్ కేసును రన్ చేయకుండానే దాని ఎదురుగా "పాస్" అని పెట్టడం. ఏడవ ఆజ్ఞ (దొంగిలించవద్దు) కింద వచ్చే తప్పులను వివరిస్తూ సత్యోపదేశ గ్రంథం 2409వ పేరాలో ఒక జాబితా ఉంది. వ్యాపారంలో మోసం, అన్యాయమైన కూలి, లంచం, పన్ను ఎగవేత, దొంగ చెక్కులు, దొంగ బిల్లులు, సంస్థ సొత్తును సొంతానికి వాడుకోవడం, వీటి సరసనే "నాసిరకంగా చేసిన పని" కూడా ఉంది. 1992లో వెలువడిన ఆ గ్రంథం టెస్ట్ కేసుల గురించి రాయలేదు కానీ, రాయాల్సిన అవసరం కూడా లేదు.

(మీ రూమ్మేట్ దొంగతనం ఎనిమిదవ ఆజ్ఞ కదా అంటే వాదించకండి. ఆజ్ఞలు అవే, చాలామంది ప్రొటెస్టెంట్లు వాటిని లెక్కపెట్టే వరస వేరు.)

బ్యాంకులో ఉన్నాను కాబట్టి నాకు ఎక్కువగా తెలిసిన మరో ఉదాహరణ అద్దె రసీదులు. పాత పన్ను విధానంలో ఉన్న కుర్రాళ్లు జనవరి రాగానే పన్ను తగ్గించుకోవడానికి రసీదు పుస్తకం కొని, ఊళ్లో ఉన్న నాన్న పేరు మీద నెలకు ఎనిమిది వేలు అద్దె కట్టినట్టు పన్నెండు రసీదులు ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో రాసి రెవెన్యూ స్టాంపులు అతికిస్తారు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు అడుగుతారు కాబట్టి ఆ లెక్క లక్షకు లోపే ఆగుతుంది. ఆ తెలివిని మెచ్చుకునేవాళ్లే తప్ప దాన్ని అబద్ధం అనేవాళ్లు గుడిలో కూడా కనిపించరు. అదే కుర్రాడు తపఃకాలం నలభై రోజులూ మాంసం ముట్టడు. మాంసం మానడాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఆ నిగ్రహం రసీదు పుస్తకం దాకా రావాలంటున్నాను.

దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటరుతో మీరు మొదటి ఉద్యోగం సంపాదించారని, అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోందని రాశారు. గుచ్చుకోవడం మంచి లక్షణమే. కన్సల్టెన్సీకి డబ్బు కట్టి లేని కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు, పే స్లిప్పులు తయారు చేయించుకోవడం అబద్ధం. ఆ ఉద్యోగం న్యాయంగా దక్కాల్సిన మరో మనిషికి అది నష్టం కూడా. అయితే ఆ తర్వాత పని నేర్చుకొని, ఇన్నాళ్లుగా చేసిన పనికి తీసుకున్న జీతం దొంగసొమ్ము కాదు. ఉద్యోగం వెంటనే మానేయాలని కూడా నేను అనను. పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) దాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. మారబోయే ఉద్యోగానికి ఇచ్చే రెజ్యూమెలో ఆ మూడేళ్లు తీసేయండి. ప్యాకేజీ తగ్గుతుంది, నిజమే. నాకు తెలిసినంతలో పశ్చాత్తాపానికి అంతకంటే కచ్చితమైన రుజువు లేదు. ఇంకెవరైనా తమ్ముడో, ఊరి కుర్రాడో ఆ కన్సల్టెన్సీ నంబరు అడిగితే ఇవ్వకండి. ఇంటర్వ్యూలో వాడి బదులు తెర వెనక మీరు జవాబులు చెప్పడానికి అసలే ఒప్పుకోకండి.

ఇక్కడే మీరు ఎత్తిన మరో మాట. సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఉంది, గుడిలో జ్ఞానస్నానం పేరు ఉంది, అందుకే ఆఫీసులో జపమాల జేబులోంచి తీయను అన్నారు. ఈ విషయంలో మీకు తీర్పు చెప్పే స్థానంలో నేను లేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉంటారు. మతం మారినంత మాత్రాన కులవివక్ష పోదని తెలిసి కూడా ఉన్న ఈ చట్టం అన్యాయమని దేశంలోని పీఠాధిపతులు ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. ఆ అన్యాయపు బరువునంతా మీ ఒక్కడి మనస్సాక్షి మీద పెట్టడం సబబు కాదు. బడిలో చేర్చేటప్పుడు మీ నాన్న రాయించిన కాగితం వేరు, నేడు మీరు స్వయంగా మతం ఫలానా అని సంతకం పెట్టి తీసుకునే పత్రం వేరు అన్నంతవరకు మాత్రం చెప్పగలను. ఆ రెండోది వచ్చినప్పుడు ఒంటరిగా నిర్ణయం తీసుకోకుండా ఒక మంచి గురువుతో, ఒక వకీలుతో మాట్లాడండి. పెళ్లి సంబంధాల దగ్గర కులం చూసుకునే మన గుడి పెద్దలు మీకు ఈ విషయంలో ఉపదేశం చేస్తే వినాల్సిన పని లేదు.

జపాల గురించి తక్కువే చెబుతాను. ఊళ్లో లాగా సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని యాభై మూడు పూసల జపమాల చెప్పుకోవడం మీ పీజీ గదిలో కుదరదు, దానికి కుమిలిపోకండి. రోజు మొదలయ్యేటప్పుడు, మీకైతే అది సాయంత్రం నాలుగైనా సరే, ఆ రోజు పనిని రెండు వాక్యాల్లో దేవునికి అర్పించండి. క్యాబ్‌లో ఒక పది మంగళవార్త జపాలు (మరియమ్మకు చేసే ప్రార్థన) చెప్పుకోండి, వేళ్లు చాలు, పూసలు అక్కర్లేదు. రోజుకు మూడు వేళల్లో చెప్పే త్రికాల జపం అలవాటు పోయి ఉంటే మధ్యాహ్నం పన్నెండు బదులు అర్ధరాత్రి పన్నెండుకు చెప్పుకోండి, మీకు అదే మధ్యాహ్నం. పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు ఆత్మశోధన. ఈ చివరిది మాత్రం వదలకండి. అందులో "జపం చేశానా" అని అడిగే ముందు "కాల్‌లో ఎవరి మీద అరిచాను, ఎవరి తప్పును మేనేజరు ముందు పెద్దది చేశాను, గది ఊడ్చే అక్కకు మాట ఇచ్చిన డబ్బు ఇచ్చానా" అని అడగండి.

2018లో పవిత్రత గురించి రాసిన ఉపదేశంలో ఫ్రాన్సిస్ పోపు ఒక సామాన్య స్త్రీని ఉదాహరణగా తీసుకున్నారు. ఆమె బజారుకు వెళ్లి పక్కింటావిడతో మాట్లాడుతుండగా చాడీలు మొదలైతే, నేను ఎవరి గురించీ చెడు మాట్లాడనని మనసులో అనుకుంటుంది. ఇంటికొచ్చాక అలసిపోయి ఉన్నా బిడ్డ చెప్పేది ఓపికగా వింటుంది. దిగులు పుట్టినప్పుడు జపమాల పట్టుకుంటుంది. తర్వాత దారిలో కనిపించిన పేదవాడితో ఆగి ఒక మంచి మాట మాట్లాడుతుంది. ఆ నాలుగింటిలో జపమాల ఒక్కటే, అది కూడా మూడోది. మన ఊళ్లలో భక్తి అనగానే ముందు గుర్తొచ్చేది మిగిలిన మూడింటి కంటే ఆ ఒక్కటే కావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఆదివారం గురించి ఒక మాట మిగిలిపోయింది. విశ్రాంతి మీకొక్కరికే కాదు. ఇతరుల ఆదివారాన్ని అడ్డుకునేలా అనవసరమైన పనులు చెప్పవద్దని సత్యోపదేశ గ్రంథం 2187వ పేరాలో ఉంది. మీ పీజీలో వంట చేసే ఆమె, అర కిలోమీటరు దూరంలోని హోటల్ నుంచి మీ టిఫిన్ తెచ్చే కుర్రాడు మీ విచారణవాళ్లే కావచ్చు. మీరు టీమ్ లీడ్ అయిన రోజున జూనియర్ల ఆదివారం ఎలా గడుస్తుందో రోస్టర్ వేసేటప్పుడు చూడండి.

పాపసంకీర్తనం చేసి చాలా ఏళ్లయిందని, ఏ మొహం పెట్టుకొని వెళ్లాలని అడిగారు. ఊళ్లో స్వామివారికి (విచారణ గురువుకు) మీ కుటుంబమంతా తెలుసు కాబట్టి అక్కడ బెరుకు సహజం. నగరంలో ఆ ఇబ్బంది కూడా లేదు, జాలీ వెనక కూర్చున్న గురువుకు మీరెవరో తెలియదు, తెలిసినా విన్నది ప్రాణం పోయినా బయటపెట్టరు. "ఎన్నేళ్లయిందో సరిగ్గా గుర్తులేదు, ఎలా చెప్పాలో మరిచిపోయాను" అనే మాటతోనే మొదలుపెట్టండి, మిగతాది ఆయనే అడిగి చెప్పిస్తారు. పశ్చాత్తాపం తెలిపే ఉత్తమ మనస్తాప జపం గుర్తులేకపోతే ఫోనులో చూసి చదవండి. టైమ్‌షీటు, రసీదులు, ఎక్స్‌పీరియన్స్ లెటరు, ఈ మూడింటినీ "అబద్ధాలు ఆడాను" అనే ఒక్క ముక్కలో చుట్టేయకుండా వేటికవే చెప్పండి. డబ్బు నష్టపరిచిన చోట ఎలా సరిదిద్దాలో ఆయన అడుగుతారు, జవాబు ఆలోచించుకొని వెళ్లండి. ఎగవేసిన పన్నుకు పాత సంవత్సరాల రిటర్నులు సవరించే గడువు ఇంకా ఉంటే ముందు ఆ పని చేయడం మేలు. శనివారం సాయంత్రం పూజకు అరగంట ముందు వెళ్తే చాలా గుడుల్లో గురువులు అందుబాటులో ఉంటారు, కనిపించకపోతే పూజ వస్త్రాలు వేసుకునే గది దగ్గర అడగండి. పాపసంకీర్తనం అయ్యాక ఆ పూజలోనే పాల్గొంటే మర్నాటి డ్యూటీకి ముందే మీ ఆదివారపు బాధ్యత కూడా తీరుతుంది.